ఊట కోసం ఆగిన వేసవి

సాగర్ కుడి కాలువకు నీరు వదలని ఏడాది అది. మా హాస్టలు వెనుక బావిలో మోటారు వేస్తే ముందు గాలి వచ్చేది, ఆ వెనుక బురద వచ్చేది, ఆపైన గొంతు పట్టేసిన మనిషి గుటక వేసినట్లు ఒక చప్పుడు వచ్చి ఆగిపోయేది. గుంటూరుకు పడమరగా, మిరప చేలకూ పత్తి చేలకూ నడుమ వెలసిన ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నేను తెలుగు బోధించేదాన్ని. ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్‌గానూ ఉండేదాన్ని. బోరు కిందటి వేసవిలోనే ఎండింది. మిగిలిన ఆధారం రాతికట్టుతో ఉన్న ఆ పాత బావి ఒక్కటే.

ఒకనాటి ఉదయం మా ప్రిన్సిపాలు గారు వరండాలో నిలబడే విషయం చెప్పారు.

“మేడం గారూ, ట్యాంకర్లవాళ్లు ఫోనే ఎత్తడం లేదండి. ఈ సోమవారం కాదు, పై సోమవారం దాకా చూద్దాం. అప్పటికీ ఇంతే అయితే హాస్టలు మూసేసి పిల్లల్ని ఇళ్లకు పంపేద్దాం. పరీక్షలకు ఎవరి ఊరినుంచి వాళ్లు వచ్చి రాసుకుంటారు.”

ఆయన మాటలో తప్పేమీ లేదు. నీరు లేని ఇంట్లో ఇందరు పిల్లలను ఉంచుకొని ఎవరు మాత్రం ఏం చేయగలరు? తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు పిల్లలే అక్కడ ఎక్కువ. వారికి బస్సులున్నాయి, గుంటూరులో మేనమామల ఇళ్లున్నాయి. ఎటూ కాని అమ్మాయి ఒక్కతే. పొదిలి అవతల, బస్సు దిగి చాలా దూరం నడిస్తేగాని చేరలేని మెట్ట పల్లె ఆమెది. తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లిం కుటుంబం. తండ్రి దూది ఏకి పరుపులు కుడుతూ వేసవంతా ఊళ్లు తిరిగేవాడు. తల్లి మిరపకాయల కోతకు వెళ్లేది. చరిత్రలో ఎం.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతున్నది ఆ అమ్మాయి.

ఆ సాయంత్రమే నా గదికి వచ్చింది.

“హాస్టలు మూస్తారంటగదండీ.”

“ఇంకా ఏమీ తేలలేదమ్మా.”

“మూస్తే నా పరీక్షలు పోయినట్టేనండి. మా ఊరినుంచి రోజూ రావడం పడదు. ఒకసారి ఇంటికెళ్తే మా అమ్మతోపాటు కోతకు పోవాల్సిందే. మళ్లీ ఏడాది ఎవరు పంపిస్తారండీ?”

కన్నీరు పెట్టలేదు. బస్సు వేళలు చెప్పినంత మామూలుగా చెప్పి, నా కూజాలోని నీరు తాగమన్నా తాగక వెళ్లిపోయింది.

ఆ రోజుల్లోనే కళాశాలల్లో పర్యావరణ విద్య అనే పాఠం కొత్తగా వచ్చింది. బోధించడానికి ప్రత్యేకంగా ఎవరూ లేరు గనుక వారానికి ఒక గంట నాకు అప్పగించారు. అందులో నీటి పొదుపు ఒక అధ్యాయం. షవరు కింద స్నానం చేయరాదని పుస్తకంలో ఉన్నది. మా హాస్టలులో షవరు అన్న వస్తువును చూసిన పిల్లే లేదు. అయినా అందరూ వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు. కిటికీ అవతల కుళాయి వాషరు అరిగి, ట్యాంకులో ఉన్న కాస్త నీరూ బొట్టుబొట్టుగా నేలపాలవుతూనే ఉన్నది. దాన్ని వినడం వారికి అలవాటైపోయింది. కృష్ణ కాలువల గట్ల మీద పుట్టి పెరిగినవారికి నీటి చప్పుడు ఉండడమే లోకధర్మం. అది లేకపోతేనే వింత.

నీటి పాఠాన్ని నీరు కరవైన చోటనే చెప్పుకోవాలని నాకు ఆ గంటలోనే తోచింది. ఆ పొదిలి అమ్మాయిని పిలిచి, ఆదివారం మమ్మల్ని మీ ఊరికి తీసుకువెళ్తావా అని అడిగాను. ఆమె ముఖం ముడుచుకుపోయింది.

“మా ఊళ్లో చూడ్డానికి ఏముందండీ? వాగులో చెలమలు తోడుకుంటాం, అంతే. ఆ చెలమ తప్పించుకుందామనే నేనిక్కడికొచ్చాను.”

“బలవంతం లేదమ్మా.”

వెళ్లబోయి గుమ్మంలో ఆగింది. “రండి. మా అమ్మను చూసి జాలిపడొద్దని మాత్రం వీళ్లకు చెప్పండి. తనకు ఒళ్లు మండుద్ది.”

చెలమ అన్న మాట నాకు చిన్ననాటినుంచీ తెలుసు. మా నాన్నగారు నిఘంటువులు వల్లె వేయించిన రోజుల్లో నీటికున్న పేర్లన్నీ నా నాలుక మీద ఆడేవి. బావికీ, గుంటకూ, మడుగుకూ, ఊటకూ వేరువేరుగా పేర్లు. ప్రబంధాల్లోని వర్ష వర్ణనలు ఎన్ని ఏళ్లు బోధించానో లెక్క లేదు. అయితే ఎండిన వాగులో తోడిన చెలమ పక్కన కూర్చొని చూసే అవకాశం అంతవరకూ రాలేదు. మాది కాలువ నీళ్ల ఊరు.

ఆదివారం తెల్లవారుజామునే తరగతిలోని కొందరు పిల్లలూ నేనూ బయలుదేరాము. బస్సు కిటికీలోనుంచి దారి పొడవునా మిరప కల్లాలు కనిపించాయి. ఎర్రని కాయలు ఆరబోసిన నేల ఉదయపుటెండలో కళ్లు చెదిరేలా ఉన్నది. ఆ ఘాటుకు బస్సులో సగంమంది తుమ్ముతుంటే, పొదిలి అమ్మాయి ఒక్కతే నిబ్బరంగా కూర్చున్నది. పొదిలి దాటాక ఎరుపు తగ్గి, మోడువారిన పత్తి కట్టె, ఆపైన ఏమీ లేని బీడు మొదలయ్యాయి. బస్సు దిగి నడిచి వాగు చేరేసరికి ఎండ చురుక్కుమంటున్నది.

వాగు అంటే తెల్లని ఇసుక మేట. ఆ గట్టునుంచి ఈ గట్టు దాకా చుక్క నీరు లేదు. నడి వాగులో కొందరు ఆడవాళ్లు చిన్న గుంట చుట్టూ కూర్చొని ఉన్నారు. వారి వెనుక బిందెలు వరుసగా ఉన్నాయి. బిందె తేనివారు తల మీద బిందె కింద పెట్టుకునే చుట్టకుదురును వరుసలో ఉంచితే చాలు, ఆ చోటు వారిదే. ఎవరూ దాన్ని జరపరు. ఆ అమ్మాయి తల్లి మమ్మల్ని చూసి లేచి, కొంగుతో చేతులు తుడుచుకున్నది.

“ఏందే, ఇంతమందిని వేసుకొచ్చావు? ఎవురిదే పెళ్లి?” అని కూతురిని అడిగి, నా వైపు తిరిగింది. “టీచరమ్మా, ఈ ఎండలో ఎందుకొచ్చారమ్మా? మా వాగులో ఇసక తప్ప ఏముంది?”

“ఆ ఇసుకను చూడ్డానికే వచ్చామమ్మా.”

“ఇసక చూడ్డానికి చదువుకున్నోళ్లే రావాల,” అన్నది ఆమె. వరుసలోని ఆడవాళ్లు పకపక నవ్వారు.

చెలమ పెద్ద పళ్లెం వెడల్పున, మోచేయి లోతున ఉన్నది. అడుగున ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో మెల్లగా తోడి బిందెలో పోస్తున్నారు. కొన్ని చిప్పలు తోడాక ఆగుతారు. మళ్లీ ఊరాక తోడుతారు. ఆ ఆగడం మా పిల్లలకు సహించలేదు. మాతో వచ్చిన రేపల్లె అమ్మాయి మంచి చలాకీ పిల్ల. పని కనిపిస్తే చేతులు ఊరుకోవు. పొదిలి అమ్మాయి తల్లి వంతు రాగానే సాయం చేద్దామని ముందుకు వెళ్లింది.

“ఇంత చిన్న గుంటేంటి పిన్నిగారూ? కాస్త పెద్దది చేస్తే బిందె నేరుగా ముంచెయ్యొచ్చు. రండే, తలా ఒక చెయ్యి వెయ్యండి.”

ఆమె వద్దనేలోపే నలుగురైదుగురు మోకాళ్ల మీద కూర్చొని ఇసుకను రెండు చేతులా గీకి అవతల పోశారు. కాలువలో పూడిక తీసినట్లే తీశారు. ఎంత వెడల్పు చేస్తే అంత నీరు వస్తుందని కాలువ ఒడ్డున పుట్టిన బిడ్డలు అనుకోవడంలో వింత లేదు. వారి ఊళ్లో అదే నిజం. ఇక్కడ మాత్రం ముందు ఒక అంచు జారింది. దాని వెంట రెండో అంచు ఒరిగింది. చూస్తుండగానే చెలమ మొత్తం కూలి, ఉన్న నీరు గంజిలాగా మారి ఇసుకలో కలిసిపోయింది.

“ఒసేయ్ ఒసేయ్, ఆగండే,” అన్నది తల్లి. “కాలవ పిల్లల్ని తెచ్చి చెలమ మీదికి తోలావేందే?”

“ఇయ్యాల మా ఇంట్లో బురద చారే,” అన్నది వరుసలోని ఒక ముసలామె, తాపీగా బిందె మీద చేయి ఆనించుకొని.

అందరూ నవ్వారు గాని పొదిలి అమ్మాయి నవ్వలేదు. ఆమె వచ్చి, రేపల్లె అమ్మాయి చేతిలోని ఇసుకను విసురుగా తోసేసింది.

“మీకిది పిక్నిక్కు. మా అమ్మకిది పొద్దుటి ఎసరు. ఇంటికాడ పొయ్యి మీద ఏం పెట్టాలే ఇప్పుడు?”

“నేను కావాలని చేశానా? త్వరగా అయిపోతుందనుకున్నా.”

“త్వరగా. అన్నీ మీకు త్వరగా కావాల.”

తల్లి కూతురిని కసిరింది. “ఊరుకోవే, తెలియక చేసింది. కలిపినోళ్లే తోడి తేట చెయ్యాల, తేటయ్యిందాకా కాపలా కూర్చోవాల. అంతేగా మన పద్ధతి? ఆ చిప్ప దాని చేతికియ్యి.”

వాగులో అది ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు. చెలమ ఎవరి చేతిలో కలకబారితే వారే బురద నీరంతా తోడి దూరంగా పారబోయాలి. తడి ఇసుకతో అంచులు మళ్లీ మెత్తాలి. నీరు తేటపడేవరకు పక్కన కూర్చోవాలి. అప్పటిదాకా వరుసలోని బిందె ఏదీ కదలదు, తొందరపెట్టేవారూ ఉండరు. రేపల్లె అమ్మాయి ముఖం కందిపోయింది. చిప్ప అందుకొని తోడింది. ఇంకొకతె అంచులు మెత్తింది. పొదిలి అమ్మాయి కొంతసేపు దూరంగా నిలబడి చూసి, చివరకు వచ్చి, అంచు మీద అరచేతిని ఎంత బరువుతో ఒత్తాలో చేసి చూపింది. ఆ తరువాత చేయడానికి మాకెవరికీ పని లేదు. చుట్టూ కూర్చున్నాము.

గుంట అడుగున తడి ఇసుక తప్ప ఏమీ లేదు. నీరు ఏ వైపునుంచి వస్తుందో పట్టుకోవాలని పిల్లలు తలా ఒక దిక్కు కనిపెట్టుకొని ఉన్నారు. ధార లేదు, బుగ్గ లేదు, చప్పుడు లేదు. ముందు ఇసుక రంగు కొద్దిగా ముదిరింది. ఆ పైన సన్నని మెరుపు ఒకటి పరుచుకున్నది. అది నీరో, ఎండ చేసిన భ్రమో తేల్చుకోలేకపోయాను. రేణువులు కొన్ని వాటంతట అవే కదిలి పక్కకు ఒరిగాయి. మెరుపు మందమెక్కింది. ఎప్పుడు మొదలైనదీ ఎవరమూ చెప్పలేము, అడుగున ఒక చిన్న ఆకాశం నిలిచి ఉన్నది. దాని అంచున వంగిన మా తలలున్నాయి.

వెనుక బిందెల దగ్గర ముచ్చట్లు ఆగాయి. ఆ ఎండకు కాలిపోతున్న ఇసుక కింద, మా పాదాల కింద, ఆ వాగు పొడవునా నీరు చీకటిలో నడుస్తూనే ఉన్నదన్న తలపు నన్ను కదిలించివేసింది. పైకి చచ్చినట్లు పడి ఉన్న ఆ వాగు చావలేదు. మేము కూర్చున్నది నది మీద. నాకు తెలియకుండానే చెప్పులు విడిచి పక్కన పెట్టుకున్నాను. నేను వల్లించిన పేర్లలో దేనికీ ఆ మెరుపును అందుకునే శక్తి ఉన్నదని అప్పుడు నాకు తోచలేదు.

“తోడమంటారా?” అని రేపల్లె అమ్మాయి గుసగుసగా అడిగింది.

“ఇంకా లేదు,” అన్నది పొదిలి అమ్మాయి, అంతే మెల్లగా. “అడుగు కనపడాల.”

అడుగు కనపడింది. మొదటి చిప్ప నీరు ముసలామె బిందెలో పోయమని తల్లి సైగ చేసింది. తన వంతు ఆమె చివరికి పెట్టుకున్నది.

తిరుగు బస్సులో అందరూ అలసిపోయి ఉన్నారు. ఉన్నట్టుండి రేపల్లె అమ్మాయి సీటు మీద వెనక్కి తిరిగింది.

“మన బావి కూడా పెద్ద చెలమేగా. మోటారు వేసినప్పుడల్లా అది కలకబారుతోంది.”

“నువ్వు చేసిన పనే మోటారూ చేస్తోంది,” అన్నది పొదిలి అమ్మాయి. ఉదయంనుంచి ఆమె నవ్వడం అదే మొదలు. “దానికెవరు చిప్పనిస్తారు?”

బస్సు గుంటూరు జిల్లాలో ప్రవేశించేవరకు వారి వాదన సాగింది. మోటారు వేస్తే నీరంతా ఒక్కసారిగా దిగిపోయి, రాతి సందుల్లోని మట్టి కరిగి, ఊట వచ్చే దారులు పూడుకుపోతున్నాయని ఒకతె. పైకి ఎక్కిన నీరు కుళాయిల్లో కారిపోతున్నదని ఇంకొకతె. నేను కలుగజేసుకోలేదు. పుస్తకంలోని అధ్యాయాన్ని వారు ఏనాడూ అలా వాదించుకోలేదు.

మరునాడే మోటారు ఆపించాను. పూడిక తీసేవాళ్లను పిలిపించి బావిలోని ఒండ్రు ఎత్తిపోయించాను. తట్టలు అందుకున్నది పిల్లలే. గిలక మళ్లీ బిగించారు. నీరు తోడడం రోజుకు రెండుసార్లే: ఉదయం ఒక తోడు, సాయంత్రం ఒక తోడు. మధ్యలో ఎవరూ చేద ముట్టకుండా తాడు విప్పి పొదిలి అమ్మాయి గదిలో ఉంచాలని అందరూ కలిసి తీర్మానించారు. అడుగు మసకబారితే ఆ పూట తోడు ఆపేయాలి. బియ్యం కడిగిన నీటితో గిన్నెల మొదటి తోముడు. ముఖం కడుక్కున్న నీరు తొట్టిలోకి, తొట్టినుంచి మరుగుదొడ్లకు.

మొదటి రెండు రోజులూ వంటామెకు ఇది సుతరామూ నచ్చలేదు.

“మేడం గారూ, పప్పు ఉడకడానికి పాఠాలు చాలవండి, నీళ్లు కావాలి.”

“సాయంత్రం ఇస్తాంగా అక్కా,” అన్నది పొదిలి అమ్మాయి.

“నువ్వు బావికి వార్డెన్‌వా ఏమే?”

ఆ పేరే ఆమెకు నిలిచిపోయింది. ఒక బాపట్ల పిల్ల ఆ రాత్రి చుట్టాలింట్లో శుభకార్యానికి వెళ్లాలని, తాడు ఎలాగో సంపాదించి మధ్యాహ్నం తలంటుకున్నది. ఆ సాయంత్రం చేద అడుగు తాకి బురద పట్టుకొచ్చింది. హాస్టలంతా ఆమె మీద విరుచుకుపడబోతే, బావి వార్డెన్ మాత్రం చేద ఆమె చేతికిచ్చి, “తోడి పారబొయ్యి. తేటయ్యిందాకా ఇక్కడే కూర్చో,” అన్నది. అత్తరు వాసనతో, పట్టు పరికిణీతో ఆ పిల్ల చీకటి పడేదాకా బావి గట్టు మీద కూర్చున్నది. మిగతావారు ఒక్కొక్కరే వచ్చి తోడు కూర్చున్నారు.

గడువు పెట్టిన సోమవారం రానే వచ్చింది. ప్రిన్సిపాలు గారు పొద్దున పదింటప్పుడు వచ్చారు. హాస్టలు మూసివేత నోటీసు ఆయన జేబులో మడిచి ఉన్నది.

“ఏమ్మా, నీళ్లెలా ఉన్నాయి? మోటారు వెయ్యండి చూద్దాం.”

పొదిలి అమ్మాయి స్విచ్చుబోర్డుకు అడ్డంగా నిలబడింది.

“వద్దు సార్. వేస్తే బురదొస్తుంది.”

“నీళ్లుంటే బురదెందుకొస్తుంది?”

“ఇప్పుడు ఊరే వేళ సార్. సాయంత్రం దాకా ఆగితే తోడి చూపిస్తా.”

ఆయనకు కోపం వచ్చింది. “సాయంత్రం దాకా ఇక్కడ కూర్చోమంటావా నన్ను?” అన్నారు. ఆ అమ్మాయి అక్కడినుంచి కదలలేదు. ఆ స్విచ్చు వేస్తే తన ఏడాది పోతుందని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

“సార్, చూడ్డానికైతే ఇప్పుడే చూడొచ్చు,” అని రేపల్లె అమ్మాయి గదిలోకి పరుగెత్తి, తలదువ్వుకునే అద్దం తెచ్చింది. బావిలో పడిన చేదను వెతికేటప్పుడు అందరూ చేసే పనే అది. తూర్పున ఎక్కుతున్న సూర్యుణ్ణి అద్దంలో పట్టి, ఆ వెలుగును బావిలోకి వంచింది. వెలుగు ముక్క రాతికట్టు మీదుగా తడుముకుంటూ జారి, తూర్పు వైపు రెండు రాళ్ల నడుమ నిలిచింది.

అక్కడ దారప్పోగంత నీరు కదులుతున్నది. నిశ్చలంగా ఉన్నదని భ్రమపడేంత నెమ్మదిగా, ఎడతెగకుండా, రాతి నలుపు మీద వెండి పూతలాగా దిగుతున్నది. దాని కింద బావి నీటి మట్టం అద్దపు వెలుగులో సన్నగా వణికి, ఆ వణుకు చుట్టూ రాళ్ల మీద ఆడుతున్నది. ఎన్నో ఏళ్లుగా ఆ బావి గట్టు పక్కనుంచి నడిచిన నేను దాన్ని అప్పుడే చూశాను. వాగులో ఇసుక కింద కనిపెట్టిన నడకే ఇక్కడ రాతిలోనూ సాగుతున్నది. మా పాఠాలకూ మా పరీక్షలకూ ఏ సంబంధమూ లేకుండా, ఎవరూ పిలవకుండా వస్తున్నది. నాకు చేతులు జోడించాలనిపించింది.

ప్రిన్సిపాలు గారు వంగి చాలాసేపు చూశారు. ఆయనదీ కాలువ ఊరే.

“ఇది రోజూ వస్తుందా?”

“మోటారు ఆపినప్పుడల్లా వస్తుంది సార్. మేం రోజుకు ఎంత తోడుకుంటున్నామో అంత మళ్లీ ఊరుతోంది.”

ఆయన లేచి, చేతులకంటిన గచ్చు పొడి దులుపుకున్నారు. జేబులోని కాగితం బయటికి రాలేదు.

“సరే. పరీక్షలయ్యేదాకా ఉండండి. మధ్యలో ఎండిందో, ఆ రోజే అందర్నీ బస్సెక్కిస్తా.”

“ఎండితే నేనే వచ్చి చెప్తా సార్,” అన్నది పొదిలి అమ్మాయి.

చెప్పవలసిన అవసరం రాలేదు. ఎండలు ముదిరి ఒకటి రెండు వారాలు చాలా ఇబ్బందిపడ్డాము. ఒక దశలో ఉదయం తోడు సగానికి తగ్గించాము. స్నానాలు రోజు విడిచి రోజయ్యాయి. వంటామె పప్పు మానేసి పచ్చళ్లతో నెట్టుకొచ్చింది. అయినా హాస్టలు తలుపులు మూతపడలేదు. పొదిలి అమ్మాయి తన పరీక్షలన్నీ రాసింది.

ఆఖరి పరీక్ష రాసి వచ్చిన సాయంత్రం కాలువ ఊళ్ల పిల్లలు అప్పటికే పెట్టెలు సర్దుకుంటున్నారు. ఆమె హాలు టిక్కెట్టు నా బల్ల మీద పెట్టి, గదిలోకి వెళ్లి, తాడు భుజాన వేసుకొని బయటికి వచ్చింది.

“ఇవాళ్టికి మానెయ్యవే,” అన్నది రేపల్లె అమ్మాయి. “పరీక్షలయిపోయాయిగా.”

“రాత్రికి అన్నం తినవా ఏంటి? రా, గిలక పట్టు.”

ఇద్దరూ బావి దగ్గరకు వెళ్లారు. చేద దిగుతుంటే గిలక కిర్రుమంటున్నది. అది నీటిని తాకే చప్పుడు వినాలని నేను వరండాలోనే నిలబడిపోయాను.